చీమకు కోపమా, భయమా? కీ చూసి రాయండి

కథలో పాత్రల మనసు తెలుసుకోవడం గొప్ప విద్య. దానికి రెండు మార్కులు. ఆ రెండూ పోగొట్టుకుని మొన్న సాయంత్రం మా మనవరాలు కొర్లగుంటలో మా ఇంటి గడప ఎక్కింది. మూడో తరగతి.

పాఠం ఏడు చేపల కథ. ప్రశ్న: పిల్లవాణ్ణి కుట్టినప్పుడు చీమకు కలిగిన భావం ఏది? సంతోషం, బాధ, కోపం, భయం. పాప భయానికి టిక్కు పెట్టింది. దాని మీద ఎర్ర ఇంకుతో ఇంటూ. కీలో ఉన్నది కోపం.

"అంత లావు వేలు ఇంట్లోకి దూరితే భయమెయ్యదా తాతా?" అంటూ నా చూపుడు వేలు లాక్కుని నా కంటికే ఆనించినంత పని చేసింది. కళ్లజోడు తీసి చూశాను. గోరు పక్కన చీలిన చర్మం, కొసన వక్కాకు తాలూకు సున్నం మరక, గోవిందరాజస్వామి గుడి గోపురమంత ఎత్తు. ఒక్క క్షణం నాకే గుండె జారింది. వెంటనే తేరుకున్నాను. పెద్దవాళ్లం ఇట్లాంటివాటికి లొంగకూడదు.

నేను పూర్తిగా కీ పక్షం. భరతముని ఎనిమిది రసాలన్నాడు, తర్వాతివాళ్లు శాంతం కలిపి తొమ్మిది చేశారు. వాళ్లలో ఒక్కరైనా రాత్రికి రాత్రి నలభై పేపర్లు దిద్దిన పాపాన పోయారా? మూడో తరగతికి నాలుగు భావాలు చాలు. ఐదోది ఎవరికైనా కలిగితే నాలుగో తరగతిలో చూసుకోవచ్చు.

అసలు ఆ కథ ఎంత గొప్పదో చూడండి. ఎందుకు ఎండలేదంటే చేప గడ్డిమేటు మీద చెప్పింది. గడ్డిమేటు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లవాడి మీద, వాడు చీమ మీద. ఫైలు ఇంత చక్కగా బల్ల నుంచి బల్లకు నడవడం చూస్తే, ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసి రిటైరైన నాకు కళ్లు చెమరుస్తాయి. ఇంకొకరి మీదికి తొయ్యనిది చీమ ఒక్కటే. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని ఒప్పేసుకుంది. అట్లా ఒప్పుకునేవాళ్లకు ప్రమోషన్ రాదు.

పాప చేసిన రెండో నేరం ఇంకా ఘోరం. మార్జిన్‌లో పెన్సిల్‌తో "ఎండాలని ఉందా అని చేపని ఎవరూ అడగలేదు" అని రాసింది. అడగని ప్రశ్నకు జవాబు!

పేరెంట్స్ మీటింగ్‌కు మావాడికి తీరిక లేక నేనే పోయాను. టీచరమ్మ నెమ్మదస్తురాలు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నాకూ భయమే అనిపించింది సార్. కీలో కోపం అని ఉంది" అంది. అప్పుడు ఆమె మొహంలో కనబడింది ఆ నాలుగింటిలో లేదు.

1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలకు ఒక చిన్న కథ చెప్పారు. మాక్సీ అనే పిల్లవాడు చాక్లెట్‌ను ఒక అరలో పెట్టి ఆటకు పోతాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అరలోకి మారుస్తుంది. తిరిగొచ్చి వాడు ఎక్కడ వెతుకుతాడు? మరీ చిన్నవాళ్లు చాక్లెట్ ఇప్పుడున్న అరనే చూపించారు. కాస్త పెద్దవాళ్లలో చాలామంది, పాపం వాడికి తెలీదు కాబట్టి, తను పెట్టిన చోటే వెతుకుతాడన్నారు. ఎదుటివాడి తలలోకి దూరి చూడటం నాలుగైదేళ్లకే మొదలవుతుందట. రెండు మార్కులు పోయిన మా పాపకు ఆ మాత్రమైనా పట్టుబడిందా అని నాకు బెంగ పట్టుకుంది.

నాకు షుగర్. పక్కింటివాళ్లు కొండకు పోయొచ్చి ఇచ్చిన లడ్డు వంటింటి పై అరలో ఉండటం పగలే చూసి పెట్టుకున్నాను. ఆ రాత్రి అందరూ పడుకున్నాక, లైటు వెయ్యకుండా పోయి అర తడిమాను. పసుపు డబ్బా, అగ్గిపెట్టె, మళ్లీ పసుపు డబ్బా. వెనక చీకట్లో గుసగుస.

"చెప్పలేదా అవ్వా, అక్కడే వెతుకుతాడని? నువ్వు బియ్యం డబ్బాలోకి మార్చింది తాతకి తెలీదు కదా."

మా ఆవిడ చెయ్యి స్విచ్ మీదికి పోయినట్టుంది.

"లైటెయ్యొద్దవ్వా, తాత భయపడతాడు."