అధికారిక సిమ్ కార్డు గారికి, సెలవు కోరుతూ

పురపాలక సంఘ కమిషనర్ అధికారిక సిమ్ కార్డు గారి సమక్షమునకు,

విషయం: బదిలీ సందర్భంగా తమరిని తర్వాతి అధికారికి అప్పగించుట, మనసులో మాట కొంత విన్నవించుకొనుట గురించి.

సూచిక: తమరు నిద్రపోనివ్వని పద్నాలుగు నెలలు.

అయ్యా,

మొన్న మధ్యాహ్నం మూడున్నరకు చార్జి అప్పగించాను. గుమస్తా రాసిన జాబితాలో నగదు పుస్తకం, చెక్కు పుస్తకాలు, బీరువా తాళాలు, జీపు అన్నీ పోగా పద్నాలుగో వరుసలో తమరు ఉన్నారు: ‘సిమ్ కార్డు, ఒకటి’. రాసిన గుమస్తాకు నవ్వు రాలేదు గానీ నాకు వచ్చింది. అసలు చార్జి అంటే తమరే. మిగతా పదమూడూ తమరికి అనుబంధాలు.

నా గది గోడకు ఒక చెక్క బోర్డు ఉంది. కమిషనర్ల పేర్లు, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు. నాకు ముందు తొమ్మిది పేర్లు, అందులో నాలుగింటి పక్కన ‘ఇన్‌చార్జి’ అని చిన్న అక్షరాలు. నా పేరు రాసిన రోజే పెయింటర్ కిందనున్న ఖాళీలో పెన్సిలుతో మరో మూడు గీతలు కొట్టి పెట్టుకున్నాడు. మళ్ళీ మళ్ళీ నిచ్చెన తేలేను కదా సార్ అన్నాడు. ఆ బోర్డు మీద తమరి ఊసే లేదు. ఉండవలసింది అందరికన్నా పైన. ఊళ్ళో నా పేరు తెలిసినవాళ్ళు వందమంది ఉంటే గొప్ప. తమరి పది అంకెలు మాత్రం చెత్త ఆటోల వెనక, నీళ్ళ ట్యాంకర్ల మీద, పార్కు గోడల మీద, ‘ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు’ అన్న చోటల్లా ఉన్నాయి.

రోజు తమరితోనే మొదలయ్యేది, ఉదయం ఐదుంపావుకు. ఊరి చివర కాలనీ నుంచి ఒక పెద్దావిడ. “కమిషనరు బాబూ, ఇవాళ కుళాయి మా వంతే కదా?” అవును, వంతు వాళ్ళదే, రోజు విడిచి రోజు. నేను ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకు, చేస్తాను, ఏఈ ఫిట్టరుకు చేస్తాడు, ఫిట్టరు వాల్వు తిప్పే మనిషికి చేస్తాడు. ఆ మనిషి అప్పటికే గుంటలో మోకాలి లోతు బురదలో ఉంటాడు, ఫోను గట్టు మీద చెప్పులో మోగుతూ ఉంటుంది. వాల్వు సగం తిరిగి బిగుసుకుంటుంది. ముప్పావు గంటకు పెద్దావిడ మళ్ళీ చేస్తుంది. “వచ్చాయి బాబూ, ఎర్రగా వస్తున్నాయి.” ఆమె ఫోను పెట్టేలోపు పక్క కాలనీ నుంచి ఇంకొకరు: ఇప్పటిదాకా వస్తున్నవి ఆగిపోయాయి, ఎవరు కట్టేశారు? ఎవరూ కట్టలేదు. ట్యాంకు ఒకటే, ఒత్తిడి ఒకటే. అటు తిప్పితే ఇటు సన్నగిల్లుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రమాణం. ఆ అంకె పెద్దావిడకు ఏనాడూ చెప్పలేదు. బిందెలు లెక్కపెట్టుకునే మనిషి దగ్గర లీటర్ల మాట ఎత్తకూడదు.

తమరి మీద గౌరవంతో, తమరి అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో ఒక ఆదివారం వెతికాను. (ఆదివారమే, కాబట్టి పదిసార్లు లేచాను.) 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలు మనకు 18 అంశాలు చూపించింది: పట్టణ ప్రణాళిక, రోడ్లు, నీళ్ళు, పారిశుద్ధ్యం, అగ్నిమాపకం, పార్కులు, శ్మశానాలు, పశువుల దొడ్లు, జనన మరణాల నమోదు, చివరికి కబేళాలు. పుట్టుక నుంచి కాటి దాకా ఏదీ వదల్లేదు. కానీ అంతకు ముందు 243డబ్ల్యూ అధికరణంలో ఒక చిన్న మాట ఉంది. రాష్ట్ర శాసనసభ ఈ అధికారాలను పురపాలక సంఘాలకు ‘ఇవ్వవచ్చు’. ఆ ‘వచ్చు’ మీదనే మన ఊరు నిలబడి ఉంది. అధికారాలు రావచ్చు, నిధులు రావచ్చు, సిబ్బంది రావచ్చు. ఫోను మాత్రం వచ్చి తీరుతుంది.

మంటల ఇంజను వేరే శాఖది. కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది, దాని మీద దీపం మాది, దీపానికి వచ్చే బిల్లు మాది. ఊరి నడుమ పోయే పెద్ద రోడ్డు రోడ్లు భవనాల శాఖది, దాని పక్క కాలువ మాది, ఆ కాలువ తవ్వి కేబుల్ వేసినవాడు ఎవరివాడో దేవుడికి తెలుసు. గుంతలో పడ్డవాడు శాఖ చూసుకుని పడడు గదా, లేవగానే తమరికే చేస్తాడు. “అది మాది కాదండీ” అన్నానొకసారి. “అయితే మీది ఏది సార్?” అని అడిగాడు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే. జవాబు చెప్పేలోపు వీడియో కాన్ఫరెన్స్ మొదలైంది.

కోర్టు వీధిలో ఒక న్యాయవాది గారు ఉన్నారు. వాన పడిన ప్రతిసారీ తమరి ద్వారా నాకు రత్లాం కేసు వినిపించేవారు. 1980లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌లోని ఆ పురపాలక సంఘానికి ఒకటే మాట చెప్పింది: డబ్బు లేదనే సాకుతో కాలువలు, మరుగుదొడ్లు కట్టకుండా తప్పించుకోవడం కుదరదు. న్యాయంగా చూస్తే ఆయన మాటకు ఎదురు లేదు, ఇప్పటికీ నాకు జవాబు దొరకలేదు. మా మొండి బకాయిదారుల జాబితాలో పై వరుసలు ప్రభుత్వ కార్యాలయాలవే అని చెప్పబోయి ఊరుకున్నాను. ఒకనాడు స్వయంగా వెళ్ళి చూస్తే వాళ్ళ వీధిలో నీళ్ళు నిలిచింది కారు ఎక్కేందుకు కాలువ మీద పోయించిన కాంక్రీటు ర్యాంపు దగ్గర. ర్యాంపు ఎవరిదో వేరే చెప్పాలా? పగలగొట్టడానికి మనుషుల్ని పంపాను. వాళ్ళు గునపం ఎత్తేలోపు తమరు మూడుసార్లు మోగారు. మూడు గొంతులు, మూడు పార్టీలు, మాట ఒక్కటే: “మనవాడే, కొంచెం చూసుకోండి.”

మనవాడు! నా పెళ్ళికి రెండు బస్సుల మనవాళ్ళు వచ్చారు. ఈ పద్నాలుగు నెలల్లో తమరు పరిచయం చేసిన మనవాళ్ళకు రైలు సరిపోదు. రెండంతస్తులకు అనుమతి తీసుకుని నాలుగో శ్లాబుకు సెంట్రింగ్ కొట్టేవాడు మనవాడు. ఫుట్‌పాత్ మీద ఫ్రిజ్ పెట్టి కూల్‌డ్రింకులు అమ్మేవాడు మనవాడు. దుకాణం అద్దె తొమ్మిదేళ్ళుగా పెంచనివ్వనివాడు మరీ దగ్గర మనవాడు. నోటీసు ఇస్తే కమిషనరుకు మానవత్వం లేదు, ఇవ్వకపోతే కమిషనరుకు ఎంత ముట్టిందో. ఈ రెండు వాక్యాలూ ఒకే కౌన్సిల్ సమావేశంలో, జీరో అవర్‌లో, ఒకే సభ్యుడి నోట విన్నాను. మధ్యలో ఆయన ఒక మైసూర్ పాక్ తిన్నారు.

ఇక కుక్కలు. తమరిలో నేను కొందరి నంబర్లు ఎలా భద్రం చేశానో కొత్తాయన చూస్తే నవ్వుకుంటారు: ‘కుక్క అనుకూలం, 6వ వార్డు’, ‘కుక్క వ్యతిరేకం, 6వ వార్డు’. ఎదురెదురు ఇళ్ళు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కను పట్టి, ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, పట్టిన చోటే వదలాలి. పట్టినప్పుడు ఒకాయన, వదిలినప్పుడు ఎదురింటాయన ఫోను చేసేవారు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లో పట్టిన వాటిని తిరిగి అక్కడ వదలకుండా షెల్టర్‌కు చేర్చమంది. మా ఉన్నత పాఠశాల గేటు దగ్గర ఒక గోధుమ రంగు కుక్క ఉంది. మధ్యాహ్న భోజనం అయ్యాక తల బడి లోపల, తోక రోడ్డు మీద పెట్టి పడుకుంటుంది. తలకు ఒక చట్టం, తోకకు ఒక చట్టం. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఫొటో తీసి “సార్, ఏం చేద్దాం?” అని పంపాడు. షెల్టర్‌కు చూసిన స్థలం డంపింగ్ యార్డు పక్కన. అక్కడి ఊరివాళ్ళు ఇప్పటికే మా చెత్త లారీలకు అడ్డంగా మంచాలు వేసుకుని కూర్చున్నారు. కుక్కల మాట వాళ్ళకు చెప్పే పని కొత్తాయనకు మిగిల్చాను, క్షమించాలి.

ఒప్పుకోవలసినవి నావైపూ ఉన్నాయి. తమరిని నిశ్శబ్దంలో పెట్టి బోర్లా పడుకోబెట్టిన రోజులు ఉన్నాయి. ఒకే కాలువను అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి ఫొటో తీసి రెండు కాలువల పూడికతీతగా పంపితే, ఫొటో ఎక్కడ తీసిందో చెప్పే జియో ట్యాగ్ చూసి కూడా చూడనట్టు పైకి పంపాను. ఆ సాయంత్రం గ్రూపులో మాకు చప్పట్ల బొమ్మ వచ్చింది. గడువు దాటితే ఎర్రగా కనిపిస్తుందని సోమవారం అర్జీలను ఆదివారం రాత్రికి ‘పరిష్కరించడమైనది’ చేసేశాం. ఫిర్యాదు మూసుకుంది, గుంత మూసుకోలేదు. ఒక అర్జీదారు అదే అర్జీని ఐదోసారి తెచ్చినప్పుడు కాగితానికి లామినేషన్ చేయించుకుని వచ్చాడు. దాని మీద సంతకం పెట్టడానికి నా పెన్ను పనిచేయలేదు.

తెల్లవారుజామున చీపురు పట్టే పారిశుద్ధ్య కార్మికులు మాత్రం తమరికి ఎన్నడూ ఫోను చేయలేదు. జీతం రెండు నెలలు ఆలస్యమైనప్పుడు కూడా. ఆఫీసు మెట్ల మీద వచ్చి కూర్చున్నారు, అంతే. బిల్లు పైన ఆన్‌లైన్‌లో ఉందని చెప్పాను. ఒకామె మెడ ఎత్తి నిజంగానే పైకి, స్లాబు వైపు చూసింది. ఆ చూపు నేను తమరి వల్ల పడ్డ చీవాట్లన్నిటికన్నా బరువు.

కాబట్టి అయ్యా, సెలవు. కొత్తాయన నాకన్నా పదేళ్ళు చిన్న, నిద్ర గట్టిగా పోయే రకంలా ఉన్నారు. మొదటి వారం కాస్త కరుణ చూపండి.

తమ విధేయుడు,
మాజీ కమిషనర్ (పోస్టింగ్ కోసం ఎదురుచూస్తూ)

తా.క.: పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఇంటివాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు, నేనూ వాళ్ళతోనే. నిన్న తెల్లవారి కుళాయి రాలేదు. మా ఆవిడ ఖాళీ బిందె నా మంచం పక్కన పెట్టి వెళ్ళింది. ఐదుంపావుకు తమరికి చేశాను, అంకెలు వెతుక్కోనక్కర లేదు కదా. మొదటి గంట పూర్తి కాకుండానే ఎత్తారు. హలో లేదు, నమస్కారం లేదు. “నీళ్ళేనా? ఏ వీధి?” అన్నారు కొత్తాయన.

వీధి పేరు చెప్పాను. నేనెవరో చెప్పలేదు.