రాయి లేని సీమలో రాళ్ల పరీక్ష

కోనసీమలో కుక్కని అదిలించాలన్నా కొబ్బరి డొక్కే గతి, రాయి దొరకదు. అలాంటి ఒండ్రు మీద కూర్చోబెట్టి డిగ్రీ పిల్లలకు జియాలజీ చెప్పడంలో గొప్ప సౌలభ్యం ఉంది. చూడ్డానికేమీ లేదు కాబట్టి చూడమనే బాధ లేదు. చదువంతా గైడులోనే.

గైడు మొదటి ఆజ్ఞ మోస్ స్కేలు, అంటే ఖనిజాల గట్టిదనానికి వేసిన వరస నంబర్లు. టాల్క్ 1, జిప్సం 2, కాల్సైట్ 3, అలా వజ్రం 10 దాకా ఎక్కాల్లా అప్పజెప్పాలి. కొరండం 9 గనక వజ్రం దానికన్నా ఓ పిసరు గట్టిదని విద్యార్థి నమ్ముతాడు. దాదాపు నాలుగు రెట్లు గట్టిదని, ఆ అంకెలు వరసే గాని కొలత కాదని గైడు చెప్పదు, పరీక్షా అడగదు. ఉభయులూ క్షేమం.

కొందరికి స్వయంగా గీసి చూడాలన్న దుర్బుద్ధి పుడుతుంది. వాళ్లు వంటింటి దాకా వెళ్తే చాలు. గట్టు మీది నల్ల కడప బండ సున్నపురాయి. మేకుతో గీస్తే తెల్లగా గీటు పడుతుంది. పెరట్లో గ్రానైటు రోలుంటే, అందులో గాజులా మెరిసే క్వార్ట్జ్ గింజ మీదా అదే మేకు గీత కనబడుతుంది. మార్కులు పోయేది ఇక్కడే. తడి వేలితో రుద్దాలి. చెరిగిపోయిందా, అది రాయికి పడ్డ గీటు కాదు, రాయి అరగదీసిన మేకు పొడి. సున్నపురాయేనని రుజువు కావాలంటే బాత్‌రూం కడిగే యాసిడ్ ఒక్క చుక్క వేస్తే బుస్సున పొంగుతుంది. పడ్డచోట నునుపు పోయి మచ్చ మిగులుతుంది గనక గట్టు అడుగు అంచున వెయ్యాలి. అమ్మ వేసే శిక్ష సిలబస్‌లో లేదు.

పది మార్కుల ప్రశ్న మాత్రం ఖాయం: 'డెల్టా ఏర్పడు విధానమును పటసహాయమున వివరింపుము.' గోదావరి పాయ వశిష్ఠ గట్టున కూర్చుని మనవాడు నైలు నది బొమ్మ వేస్తాడు. ధవళేశ్వరం దగ్గర చీలే ఏరు గైడులో లేదు మరి. వాలు తగ్గి నీరు నెమ్మదించగానే ముందు ఇసుక మేట వేస్తుంది, తర్వాత సిల్టు, అంటే ఇసుక కన్నా సన్నటి మన్ను. బంకమన్ను రేణువు 0.004 మిల్లీమీటర్ల కన్నా సన్నం. అది సముద్రం దాకా తేలిపోయి, ఉప్పునీళ్లలో ఒకదానికొకటి అంటుకుని అప్పుడు మునుగుతుంది. సిల్టో బంకమన్నో తేల్చాలంటే లంకలో చిటికెడు తీసి ముందుపళ్ల మధ్య నూరాలి. కరకరమంటే సిల్టు, వెన్నలా జారితే బంకమన్ను. ఊళ్లో ఏడాది పిల్లలందరూ ఈ ప్రయోగం చేసినవాళ్లే. డిగ్రీకొచ్చేసరికి మానేస్తారు.

'డెక్కన్ ట్రాప్స్ ఎక్కడ?' అంటే 'మహారాష్ట్ర' అని రాసేసి, కొవ్వూరు దగ్గరి పంగిడి, గౌరీపట్నం క్వారీల నల్ల కంకర మీదుగా ఇంటికెళ్తారు. ఆ కంకరా ఆ ట్రాప్స్‌దే: దాదాపు 6.5 కోట్ల ఏళ్ల నాటి గడ్డకట్టిన లావా, అదే బసాల్టు.

ఇక ప్రాక్టికల్స్. నల్లగా ఉన్న రెండు ఇనుప ఖనిజం ముద్దల్లో ఏది హెమటైటో తేలాలంటే స్ట్రీక్ ప్లేటు అనే గరుకు పింగాణీ బిళ్ల మీద గియ్యాలి. ఇటుక రంగు పొడి రాలితే హెమటైటు, నల్లటి పొడైతే మాగ్నటైటు. అయితే ప్లేటు కడిగి ఉండాలి, లేకపోతే పాత బ్యాచ్ పొడి కూడా మన పొడిలో కలుస్తుంది. ప్లేటు కన్నా గట్టి ఖనిజాన్ని రుద్దితే రాలే తెల్లపొడి ప్లేటుదే. ఇంత శ్రమ దేనికని, ముద్ద మీద పెయింటుతో వేసిన నంబరే బట్టీ పడుతున్నారు: 7 అంటే హెమటైటు, 12 అంటే గార్నెట్. ఈసారి ఎక్స్‌టర్నల్ గారు నంబర్లన్నీ మార్పించేశారని వార్త. కంగారేమీ లేదు, కొత్త లిస్టు అప్పుడే జెరాక్స్ షాపుకొచ్చింది. కాపీ 5 రూపాయలు.