రక్షణ పేరుతో ఉపాధి తీసేయడమా?
బార్లలో మహిళలను పనిలోకి తీసుకోకూడదన్న పాత నిబంధన వారి రక్షణ కోసమే పుట్టిందని ఒక వ్యాసంలో చదివాను, ఆ వాదనతో నేను ఏకీభవించలేను. ఢిల్లీకి కూడా వర్తించిన 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం, 30వ సెక్షన్ కింద, ప్రజలు మద్యం సేవించే ఆవరణలో మహిళలెవరినీ, 25 ఏళ్లు నిండని పురుషులనూ నియమించడాన్ని నిషేధించింది. దాంతో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి 22 ఏళ్లకే పట్టా పుచ్చుకున్న యువకుడు మరో మూడేళ్లు ఆగాల్సి వచ్చేది, అదే చదువు చదివిన యువతికైతే ఆ తలుపు ఎన్నటికీ తెరుచుకునేది కాదు. (రక్షణే ఉద్దేశమైతే, 24 ఏళ్ల మగవాడిని దేని నుంచి కాపాడినట్టో వ్యాసంలో ఎక్కడా లేదు.) 2007 డిసెంబరులో అనూజ్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు, ఈ నిషేధం చెల్లదన్న ఢిల్లీ హైకోర్టు తీర్పును సమర్థిస్తూ, మహిళలు నిర్భయంగా పనిచేసే పరిస్థితులు కల్పించడం ప్రభుత్వ బాధ్యతే గాని, భద్రత పేరుతో వారి వృత్తి స్వేచ్ఛను హరించడం తగదని స్పష్టం చేసింది. హైదరాబాదులో ఒక హోటల్లో పనిచేస్తున్న మా మేనకోడలు కోరేది కూడా నిషేధాన్ని కాదు, రాత్రి డ్యూటీ ముగిశాక ఇంటికి చేర్చే వాహనాన్ని, అసభ్యంగా ప్రవర్తించిన కస్టమరుకు సర్వీసు నిరాకరించే అధికారాన్ని. బార్ల లైసెన్సు షరతుల్లో చేర్చవలసినవి ఇవే.