ఏసీలో కోడ్ వస్తే గ్యాస్ అయిపోయినట్టేనా?

ఏసీలో ఏదైనా తేడా వస్తే దాని మీద అక్షరం, అంకెతో ఒక కోడ్ కనిపిస్తుంది. ఈ ఎండాకాలం మా శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఏసీ మీద కోడ్ వస్తే మెకానిక్ అక్కర్లేదు, అన్ని కంపెనీలకూ కోడ్లు ఒకటే, ఈ1 (E1) అంటే గ్యాస్ అయిపోయినట్టు, ఎంసీబీ (ఏసీ కరెంటు స్విచ్) ఆపి పది నిమిషాలాగి వేస్తే కోడ్ పోతుంది, అప్పటికీ పోకపోతే పీసీబీ (లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు) కాలిపోయినట్టే, ఏటా గ్యాస్ కొట్టిస్తే ఏ కోడూ రాదు" అని. ఏసీలు బాగుచేసి బతికేవాడిని, ఇది నమ్మి డబ్బు పోగొట్టుకున్న ఇళ్లకు నేనే వెళ్తున్నాను కాబట్టి ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

అన్ని కంపెనీలకూ కోడ్లు ఒకటే అన్నది పచ్చి అబద్ధం. డైకిన్‌లో ఈ1 అంటే అవుట్‌డోర్ (ఇంటి బయట పెట్టే పెట్టె) బోర్డు మీద అనుమానం, మిడియా తయారుచేసిన చాలా మోడళ్లలో అదే ఈ1 అంటే ఇండోర్‌కీ (గదిలో ఉండే పెట్టెకీ) అవుట్‌డోర్‌కీ మధ్య సిగ్నల్ అందట్లేదని. ఆ సిగ్నల్ సమస్యనే డైకిన్ యూ4 అని, ఎల్‌జీ సీహెచ్05 అని చూపిస్తుంది. కొన్ని ఏసీల్లో అంకెలే రావు, లైటు ఎన్నిసార్లు వెలిగి ఆరిందో లెక్కపెట్టుకోవాలి. మీ మోడల్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్నదే మీ ఏసీకి అర్థం.

ఇక గ్యాస్ సంగతి, నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు పట్టకుండా గ్యాస్ కొడితే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. గొట్టాలు కలిపి బిగించే ఫ్లేర్ నట్టు దగ్గర నూనె మరక ఉందేమో చూడాలి, సబ్బు నురగ పెట్టాలి, అవసరమైతే నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి చూడాలి, తర్వాత వాక్యూమ్ చేసి (గొట్టాల్లోని గాలి, తేమ లాగేసి), అవుట్‌డోర్ మీద స్టిక్కర్‌లో రాసిన గ్రాముల లెక్కన తూచి నింపాలి. ఎక్కువ కొడితే లోపల ప్రెషర్ పెరిగి ఇంకో కోడ్ వస్తుంది, అంటే ఏటా గ్యాస్ కొట్టించడమే కొత్త సమస్య తెచ్చిపెడుతుంది. కళింగపట్నం, బారువ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట) తినేసి నిజంగానే గ్యాస్ పోతుంది, కాదనను. కానీ అక్కడ కూడా ముందు లీకు మూయాలి.

నరసన్నపేటలో ఒక పెద్దాయన "రెండుసార్లు గ్యాస్ కొట్టించీసాను బావూ, మళ్లీ అదే కోడ్, ఇప్పుడు పీసీబీ మార్చాలంటన్నారు, ఏటి చేసీది" అని దిగులుగా ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే అది సిగ్నల్ కోడ్, గ్యాస్‌తో సంబంధమే లేదు. ఇండోర్ నుంచి అవుట్‌డోర్‌కి వెళ్లే వైరు సరిపోక, బయట గోడ మీద ఎవరో మెలిపెట్టి టేపు చుట్టి వదిలేశారు. వానకు తడిసి ఆ జాయింటు పచ్చగా చిలుము పట్టింది. మధ్యలో అతుకు లేకుండా కొత్త వైరు లాగాను, కోడ్ పోయింది. ఎక్కువ కొట్టిన గ్యాస్‌ని తీసి మళ్లీ తూచి నింపడానికే ఎక్కువ సేపు పట్టింది.

అందుకే కోడ్ పోకపోతే పీసీబీ పోయినట్టే అన్న మాట వింటే కోపం వస్తుంది. కోడ్ చెప్పేది ఫలానా వైపు తేడా ఉందని మాత్రమే, ఫలానా పార్టు చచ్చిపోయిందని కాదు. సెన్సర్ (వేడిని కొలిచే చిన్న పార్టు) కోడ్ వస్తే ముందు సెన్సర్ పిన్ను తీసి మీటరుతో దాని రెసిస్టెన్స్ చూడాలి. చాలా మోడళ్లలో 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములో 5 కిలో ఓములో చూపిస్తుంది, గుప్పిట్లో పట్టుకుని వేడి చేస్తే ఆ అంకె తగ్గాలి. తగ్గకపోతే మార్చాల్సింది ఆ చిన్న సెన్సర్‌ని, వేలు పోసి బోర్డుని కాదు. ఎలుక కొరికిన వైరు, బోర్డు మీద పడి చచ్చిన బల్లి, వదులైన పిన్ను, ఇవన్నీ చూశాకే పీసీబీ మాట ఎత్తాలి. ప్రెషర్ కోడ్ అయితే అవుట్‌డోర్ కాయిల్ మీది సన్నని రేకుల నిండా దుమ్ము ఉందా, దాని ముందు బట్టలు ఆరేశారా అన్నది ముందు చూడండి, దానికి మీటరు కూడా అక్కర్లేదు.

ఎంసీబీ ఆపి వేయడం పూర్తిగా తప్పని అనను. కరెంటు వచ్చీపోయీ ఆడినప్పుడు వచ్చిన కోడ్ అలా పోవచ్చు, ఒక్కసారి చేసి చూడండి. వేశాక కంప్రెసర్ అందుకోవడానికి మూడు నిమిషాల వరకు పట్టొచ్చు, టెన్షన్ పడొద్దు. కానీ అదే కోడ్ మళ్లీ వచ్చిందంటే ఆపేయండి. ఓవర్ కరెంట్ లాంటి కోడ్ వచ్చినా రోజుకు పదిసార్లు ఆపి వేస్తూ నడిపితే చివరికి పోయేది కంప్రెసరే. కోడ్ ఎలా పోతుందో చూద్దామని అవుట్‌డోర్ మూత మాత్రం విప్పొద్దు, ఇన్వర్టర్ ఏసీలో కరెంటు నిల్వ ఉంచుకునే కెపాసిటర్లలో కరెంటు ఆపిన తర్వాత కూడా కాసేపు 300 వోల్టులకు పైనే ఉంటుంది, ప్రాణాల మీదికి వస్తుంది.

ఎంసీబీ మీద చెయ్యి వేసే ముందు కోడ్‌ని ఫోన్‌లో ఫొటో తీయండి, అవుట్‌డోర్ స్టిక్కర్‌ని కూడా తీయండి. వేసిన ఎంతసేపటికి కోడ్ వచ్చిందో, అప్పుడు బయట ఫ్యాన్ తిరుగుతోందో లేదో మెకానిక్‌కి చెప్పండి. అవేవీ అడక్కుండా సిలిండర్ పట్టుకుని వచ్చేసినవాళ్లని, లీకు ఎక్కడుందో చూపించాకే గ్యాస్ కొట్టమనండి.