కొల్లేటి లంకల్లో నీటి చింత లేదా?
సరస్సు ఒడ్డున వ్యవసాయం చేసుకొనే చిన్న ఊళ్లకు నీటి చింతే ఉండదని నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త రాసిన మాట కొల్లేరు సరస్సులోని లంక (దిబ్బల మీది) గ్రామాలకు వర్తించదని నా అభిప్రాయం. మా మేనత్తగారిది కైకలూరు వైపు కొల్లేటి ఒడ్డు ఊరు. అక్కడ ఎటు చూసినా నీళ్లే గానీ, వేసవిలో తాగడానికి మాత్రం క్యాన్ నీళ్లు కొనుక్కోవలసిందే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద ఈ సరస్సులో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. సరస్సు మట్టం బాగా తగ్గిన నెలల్లో అదే ఉప్పుటేరు వెంట ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఇక వానాకాలం సంగతి వేరు: 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద దిగువకు వచ్చినప్పుడు లంకల దారులు నీట మునిగాయి. ఒకప్పుడు నీరు తీసిన మేర దాళ్వా (రెండో పంట) వరి వేసుకొనేవారు, తరువాత ఆ నేలల్లోకి చేపల చెరువులు వచ్చాయి. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు) వరకు సరస్సును అభయారణ్యంగా ప్రకటించి, 2006లో ఆ చెరువుల గట్లను కొట్టివేయడం వల్ల పక్షులకు మేలే జరిగి ఉండవచ్చు (సరస్సు ఒడ్డున ఆటపాక పక్షి కేంద్రంలో పెలికాన్లను చూడటానికి జనం బాగానే వస్తారు), కానీ అటు వరి పండించలేక, ఇటు చెరువు తవ్వలేక మిగిలిపోయిన సన్నకారు రైతు గురించి ఇంత పెద్ద వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేకపోవడం నాకు లోపంగానే తోచింది. నాకు తెలిసినంతలో పెద్ద చెరువుల ఆసాములు వేరే దారి చూసుకోగలిగారు. మా మేనత్తగారి వీధిలో చాలామంది మాత్రం కూలి పనులకు వలస వెళ్లారు.