శాంతికి పన్నెండెకరాలు

శాంతి మనసులో ఉంటుందని మన పెద్దలు చెప్తూ వచ్చారు. పాపం, వాళ్లకు బలేరిక్ దీవుల హోటల్ చట్టం తెలియదు. మధ్యధరా సముద్రంలోని ఈ స్పెయిన్ దీవుల్లో ‘పల్లె హోటల్’ అని బోర్డు పెట్టాలంటే భవనం 1940కి ముందు కట్టినదై ఉండాలి, దాని కింద కనీసం 49,000 చదరపు మీటర్ల పొలం ఉండాలి. మన లెక్కలో పన్నెండెకరాల పైచిలుకు. అంత లేనివాళ్లకు ఇంకో తరగతి ఉంది. ఇల్లు 1960కి ముందుదైతే చాలు, అయిదెకరాలతో సరిపెడతారు. అది రెండో రకం శాంతి. కందిపప్పులోనే రెండో రకం కొనని వంశం మాది. పన్నెండెకరాలదే బుక్ చేశాను.

మేముండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. జర్మనీకి ఉన్నవి 16 రాష్ట్రాలే అయినా, ఈ బలేరిక్ దీవుల్లో ఒకటైన మయోర్కాను పదిహేడోదని ఇక్కడివాళ్లు సరదాగా అంటుంటారు. ఆఫీసులో అందరూ వెళ్లొచ్చేశారు. ఇంకా వెళ్లలేదా అని ప్రతి సోమవారం అడిగించుకోవడం కంటే వెళ్లొస్తేనే ప్రశాంతంగా ఉంటుందనిపించింది.

హోటల్ దీవి నడిమధ్యన, సినేవు అనే ఊరి దగ్గర. రాతి గోడలు, బాదం చెట్లు, వాటి కింద గొర్రెలు. పిల్లలకు మాత్రం ప్రవేశం లేదు. 2016 నుంచి ఈ దీవుల్లో రాత్రికింతని పర్యాటక పన్ను వేస్తున్నారు, పదహారేళ్ల లోపువాళ్లకు మాఫీ. ప్రభుత్వం పిల్లల పన్ను మాఫీ చేస్తే, మా హోటల్ పిల్లల్నే మాఫీ చేసింది. తొమ్మిదేళ్ల మావాణ్ణి స్టుట్‌గార్ట్‌లో మా తోడల్లుడి ఇంట్లో దింపి వెళ్లాం.

మొదటి రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. కిటికీ కింద గంటలు. ఒకటి ఇత్తడి చెంబు మీద గరిటెతో కొట్టినట్టు, ఇంకొకటి డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు. ఏ రెండు గొర్రెలకూ శ్రుతి కలవదు. ఒకటి ఆగితే హమ్మయ్య అనుకునేలోపు ఇంకొకటి తల ఆడిస్తుంది. మా ఆవిడ చీకట్లో లేచి కూర్చుంది.

“మనవాడు నిద్రలో నాలుగు మాటలు మాట్లాడతాడు, అంతేగా. వీటికి మెడలో గంటలు కట్టి మరీ వదిలారేంటండీ?”

పొద్దున రిసెప్షన్‌లో అడిగాను. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా, అది చప్పుడు కాదండీ, వాతావరణం అంది. వచ్చే ఏడాది మావాడి మెడలో కూడా ఒక గంట కట్టి తీసుకొస్తే వాతావరణం కింద చేర్చుకుంటారా అని రాతపూర్వకంగా అడుగుదామనుకుంటున్నాను.

సినేవులో బుధవారం సంత 1306 నుంచి నడుస్తోంది. గొర్రెలు, కోళ్లు ఇప్పటికీ అమ్ముతారు. అక్కడ ధరలు వాకబు చేసి వచ్చి, కిటికీ కిందున్న మంద మొత్తం మనమే కొనేస్తే ఎంతవుతుందని మా ఆవిడ ఫోన్లో లెక్క వేసింది. మా గది అద్దె ముందు అదేమంత పెద్ద మొత్తం కాదు.

శాంతి కోసం ఈ దీవికొచ్చి భంగపడింది మేమే మొదలు కాదులెండి. 1838 శీతాకాలంలో పియానో సంగీతకారుడు షోపాన్ తన ఒంటికి మంచిదని ఫ్రెంచి రచయిత్రి జార్జ్ సాండ్‌తో కలిసి వచ్చి, వాల్దెమోసా మఠంలో దిగాడు. వానలు, చలి, దగ్గు. క్షయ అని తెలిసి ఊరివాళ్లు దూరంగా జరిగారు. పారిస్ నుంచి తెప్పించుకున్న పియానో కస్టమ్స్‌లో ఇరుక్కుపోయి, అది చేతికొచ్చిన కొద్ది వారాలకే వాళ్ల ప్రయాణం. సాండ్ ఇంటికెళ్లాక ఊరివాళ్లను తిట్టిపోస్తూ పుస్తకం రాసింది. ఇప్పుడు ఆ పుస్తకాన్ని ఆ ఊళ్లోనే అమ్ముతున్నారు. బేరమంటే అదీ.

ఒక సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను.

“మన పెంకుటిల్లు కూడా 1940కి ముందుదే కద నాన్నా?”

“తాతగారు 1936లో కట్టించారు. నీ పెళ్లికి అమ్మాయివాళ్లు ఏమనుకుంటారోనని నువ్వే కదరా పడగొట్టించి స్లాబు వేయించావు.”

పొలం సంగతి నేను అడగలేదు. ప్లాట్లు వేసినప్పుడు సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

2024లో ఈ దీవులకు కోటీ 80 లక్షలకు పైగా టూరిస్టులు వచ్చారు. దీవుల జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. ఇళ్ల అద్దెలు కట్టలేకపోతున్నామని ఆ ఏడాది దీవుల రాజధాని పాల్మా వీధుల్లో స్థానికులు వేలమంది ఊరేగింపు తీశారు. ఊరేగింపులో డప్పులూ ఈలలూ ఉంటాయి గనుక, శాంతి కోసం వచ్చినవాళ్లకు కొంత ఇబ్బంది కలిగే ఉంటుంది.

ఆఖరి రాత్రి నిద్ర పట్టక రిసెప్షన్‌కి వెళ్లాను. అదే అమ్మాయి. ఇల్లెక్కడ అని అడిగాను. పాల్మాలో, బార్ మీద రెండో అంతస్తులో, ముగ్గురు కలిసి ఉంటున్నారట. కింద రెండింటిదాకా పాటలు, ఆ తర్వాత సీసాల బండి.

“మరి నిద్ర?”

“ఇక్కడ ఈ గంటలు వింటుంటే ముంచుకొస్తుందండీ,” అంది కళ్లు నులుముకుంటూ. “కానీ డ్యూటీ కదా.”