ఒక కొళాయి, ఐదు అభిప్రాయాలు

మా మండలంలో తాగునీళ్ళ మీద జనం తృప్తిగా ఉన్నారని ఈమధ్య ఒక సర్వే తేల్చింది. 200 ఇళ్ళు, 1000 మంది, పొరపాటు ఉన్నా అటూ ఇటూ మూడు శాతమేనట. చేసినవాళ్ళ పేరెందుకు గానీ, వేసిన రంగుల పుస్తకం బాగుంది. అట్ట మందంగా ఉంది, పొయ్యి రాజేసుకోవడానికి పనికొస్తుంది.

ఆ వెయ్యిలో ఐదుగురు ఎలా చేరారో నేను కళ్ళారా చూశాను. కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్ళో, ఎదురింటి అరుగు మీద. మిట్టమధ్యాహ్నం ట్యాబు పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. ఫారానికి ఇంత అని ఇస్తారట, వాణ్ణి అనడానికేం లేదు. తాత మంచం మీద లేచి కూర్చున్నాడు.

"తాతా, కొళాయి నీళ్ళు బాగా వస్తున్నాయా?"

"రెండు దినాలకొకసారైనా వస్తాండాయి కదప్పా. మా కాలంలో యాడివి? బాగుండాయని రాసుకో."

రాసుకున్నాడు. అవ్వను అడిగితే "ఆయప్ప చెప్పినాడు కదా" అంది. అదీ రాసుకున్నాడు. పెద్దకొడుకు శెనక్కాయలు వలుస్తూ, తలెత్తకుండానే "మా నాయన చెప్పిందే" అన్నాడు. చిన్నకొడుకు బెంగళూరులో సెంట్రింగు పనికి పోయి మూడు నెలలైంది. వాడి వంతూ తాతే చెప్పేశాడు: "వానికీ బాగనే ఉంటాయిలే." ఏ ఊరి నీళ్ళు తాతా అని అడిగే ఓపిక ట్యాబుకు లేదు. మిగిలింది కోడలు. ఇంట్లో లేదు. "అదేం చెప్తాది నాయనా, మా మాటే దాని మాట" అంది అవ్వ. పది నిమిషాల్లో ఐదు ఫారాలు పూర్తి.

ఒకటే కొళాయి, ఒకటే పొయ్యి, ఒకటే నోరు. పుస్తకంలో మాత్రం ఐదుగురు స్వతంత్ర పౌరులు!

ఇదేదో నేను కొత్తగా కనిపెట్టిన తెలివి కాదు. ఇంటికి ఒక్కరినే అడగాలనీ, ఆ ఒక్కరినీ అరుగు మీద దొరికినవాళ్ళని కాకుండా పట్టిక ప్రకారం ఎంచుకోవాలనీ లెస్లీ కిష్ అనే గణాంక శాస్త్రవేత్త 1949లోనే పద్ధతి రాసి పెట్టాడు. కాదు, అందరినీ అడుగుతాం అంటారా, దానికీ ఆయన దగ్గర లెక్క ఉంది. ఇంటికి ఐదుగురైతే, అందులో ఒకటి తీసేసి, మిగిలిన నాలుగుని వాళ్ళ జవాబుల పోలికతో హెచ్చవేసి, మళ్ళీ ఒకటి కలపాలి. ఈ తాత ఇంట్లోలాగా పోలిక నిండుగా ఒకటైతే, ఐదు వస్తుంది. వెయ్యిని ఐదుతో భాగించండి. 200 మందే మిగిలారు, మూడు శాతం పొరపాటు ఏడు శాతం దాకా పోయింది. పోనీ, పోలిక సగమే అనుకున్నా మూడు వస్తుంది, మిగిలేది 333 మంది. మిగతా వాళ్ళంతా తాత గొంతుకు ప్రతిధ్వని.

సరే, లెక్క తప్పితే దిద్దుకోవచ్చు. కోడలు యాడికి పోయిందో ఒక్కరైనా అడిగారా?

నీళ్ళకు పోయింది. కొళాయి రాని దినం ఊరి బయట తోటలో బోరు దగ్గరికి, తలమీద ఒకటి, చంకలో ఒకటి, అట్లా మూడు తడవలు. మంచం మీద కూర్చుని తాగేవాడి తృప్తిని తెచ్చి, మోసేదాని పేరు మీద రాయడానికి చేతులెలా వచ్చాయి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హింస గురించి అడగాలంటే ఇంటికి ఒక్క ఆడమనిషినే ఎంచుకుంటారు, చాటు దొరక్కపోతే ఆ ప్రశ్నలే అడగరు. ఈ దేశంలోనే, ఇలాంటి అరుగుల మీదే చేస్తున్నారు కదా. మీకేం రోగం? ఆమె వచ్చేదాకా పావుగంట ఆగితే మీ రంగుల పుస్తకం మునిగిపోయేదా?

కుర్రాడు బయల్దేరుతుంటే ఆమె వచ్చింది. దాహంగా ఉందక్కా అన్నాడు. బిందె దించి చెంబుతో ఇచ్చింది. గటగటా తాగి, "నీళ్ళు భలే ఉన్నాయక్కా" అన్నాడు.

"తోటలో బోరువి నాయనా, కొళాయివి కాదు" అంది.

ట్యాబు అప్పటికే సంచిలో పెట్టేసుకున్నాడు.